అసలు గొడవ పార్కింగ్‌దేనా?

అమెరికాలో కాస్త పెద్ద గుడి ఉన్న ఏ ఊరికైనా జనవరి 1న వెళ్లి చూడండి. పొద్దున తొమ్మిదింటికే పార్కింగ్ నిండిపోతుంది. మెరిసే పసుపు జాకెట్లు తొడుక్కున్న వాలంటీర్లు చలికి చేతులు రుద్దుకుంటూ కార్లను గడ్డి మీదకు మళ్లిస్తుంటారు. ఆ గడ్డీ నిండాక జనం పక్క వీధిలో ఎవరి ఇంటి ముందో కారు ఆపేసి, పట్టుచీర మీద కోటు వేసుకుని, పిల్లల్ని చెయ్యి పట్టుకు లాక్కుంటూ గుడి వైపు నడుస్తారు. ఆ ఇంటాయన కిటికీలోంచి చూస్తుంటాడు. ఆయన కారు బయటికి తీసే దారికి అడ్డంగా ఎవరిదో వ్యాన్ ఉంది. మామూలు మంగళవారం అదే గుడి పార్కింగ్‌లో పది కార్లుంటే ఎక్కువ.

ఆ కిటికీ వెనక మనిషికి కోపం రావడంలో తప్పేమీ లేదు. మన గేటుకి అడ్డంగా ఎవరో బండి పెట్టి పోతే మనమూ నాలుగు మాటలు అంటాం. కానీ అదే గుడి ఇంకో పెద్ద హాలు కట్టుకుంటామని అర్జీ పెట్టుకున్నప్పుడు, లేదా ఆ ఊళ్లోకి కొత్తగా ఓ మసీదో గురుద్వారానో యూదుల సినగాగో వస్తుందని తెలిసినప్పుడు, ఆ కోపం ఎంతవరకు కోపంగానే ఉంటుంది, ఎక్కడ ఇంకోటిగా మారుతుంది? దీన్ని తేల్చడం చాలా కష్టం. ఎందుకంటే ఇబ్బంది పడ్డవాడూ, ఇష్టం లేనివాడూ ఇద్దరూ వాడే మాట ఒక్కటే: పార్కింగ్.

మీ మతం మాకు నచ్చలేదని మీటింగులో లేచి చెప్పేవాళ్లు తక్కువ. ట్రాఫిక్ అంటారు, వాననీరు ఎటు పోతుందంటారు, సెప్టిక్ ట్యాంకు, రాత్రి లైట్లు, శబ్దం, ఇళ్ల ధరలు, ఊరి స్వరూపం అంటారు. వీటిలో ప్రతిదీ నిజమైన సమస్య కావచ్చు, ప్రతిదీ ముసుగూ కావచ్చు. ఒకే మనిషిలో రెండూ కలగలిసి ఉండటమైతే ఇంకా మామూలు. తన మనసులో ఏది ఎంత ఉందో అతనికే తెలియకపోవచ్చు. అందుకే మనసులు వెతకడం మానేసి, ఊరు ఏ కొలబద్ద వాడిందో చూడాలని నా అభిప్రాయం. కొన్ని నిజమైన గొడవల్ని దగ్గరగా చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

ముందు అనుమతి ఎలా వస్తుందో చూద్దాం. అమెరికాలో స్థలం మనదైనంత మాత్రాన అందులో ఏది పడితే అది కట్టలేం. ఊరిని జోన్లుగా విడగొట్టి, ఏ జోన్‌లో ఏం కట్టొచ్చో అక్కడి స్థానిక ప్రభుత్వం ముందే రాసిపెడుతుంది. ప్రార్థనాలయం ‘పర్మిటెడ్ యూజ్’ అని రాసి ఉంటే కట్టుకునే హక్కు ఉన్నట్టే. ప్లాను నిబంధనల ప్రకారం ఉందా లేదా అని చూడటమే ఊరి ప్లానింగ్ బోర్డు పని. ‘కండిషనల్ యూజ్’ అని ఉంటే మాత్రం, ఇన్ని ఎకరాలు ఉండాలి, ఫలానా తరహా రోడ్డు మీదే ఉండాలి లాంటి షరతులు తీరితేనే. ఏ మాట ఉందన్న దాన్నిబట్టి ఓ సంఘం తలరాత మారిపోతుంది.

ఆ తర్వాత బహిరంగ విచారణ. ఇంజనీరు, ఆర్కిటెక్టు, ట్రాఫిక్ నిపుణుడు ఒక్కొక్కరే ప్రమాణం చేసి సాక్ష్యం చెబుతారు. బోర్డు సభ్యులు ప్రశ్నిస్తారు, ఇరుగుపొరుగు ప్రశ్నిస్తారు, వాళ్లు పెట్టుకున్న లాయరూ ప్రశ్నిస్తాడు. రాత్రి పొద్దుపోయాక, మిగతాది వచ్చే సమావేశంలో అంటారు. న్యూజెర్సీలో అయితే బోర్డు తరఫున ప్లాను పరిశీలించే నిపుణుల ఫీజు కూడా దరఖాస్తు పెట్టినవాళ్ల డిపాజిట్ నుంచే పోతుంది. కొత్తగా చేరిన చిన్న సంఘానికి ఇలా నెలలు సాగడం అంటే చందాల డబ్బు ఇటుకలు కొనకముందే కరిగిపోవడం. పైగా విచారణకి వచ్చేది ఎక్కువగా వద్దనేవాళ్లే. ఫరవాలేదు అనుకునేవాళ్లు ఇంట్లో అన్నం తింటుంటారు.

న్యూజెర్సీలోని సోమర్‌సెట్ కౌంటీలో బెర్నార్డ్స్ టౌన్‌షిప్ అనే ఊరు ఉంది. బాస్కింగ్ రిడ్జ్ అందులో ఓ భాగం. కలిగినవాళ్ల ఊరు, పచ్చగా, నిశ్శబ్దంగా ఉంటుంది. మొహమ్మద్ అలీ చౌద్రీ దశాబ్దాలుగా అక్కడే ఉంటున్నారు. పాకిస్తాన్ నుంచి వచ్చిన ఈ ఆర్థికశాస్త్ర పండితుడు టౌన్‌షిప్ కమిటీలో సభ్యుడిగా పనిచేశారు, 2004లో ఆ ఊరికి మేయర్ అయ్యారు. అంటే నిన్న మొన్న వచ్చిన పరాయి మనిషి కాదు. ఊరంతా ఎరిగిన మనిషి.

ఆయన నాయకత్వంలోని ఇస్లామిక్ సొసైటీ ఆఫ్ బాస్కింగ్ రిడ్జ్ 2011లో దాదాపు 4 ఎకరాల స్థలం కొంది. ఆ స్థలం ఉన్న వీధి పేరు చర్చ్ స్ట్రీట్. అప్పటి నిబంధనల ప్రకారం ఆ జోన్‌లో ప్రార్థనాలయం పర్మిటెడ్ యూజ్. కట్టాలనుకున్న మసీదు మొత్తం 4,252 చదరపు అడుగులు. అలాంటి శివారు ఊళ్లలో కాస్త పెద్ద ఇల్లు అంతే ఉంటుంది. పైన గుమ్మటం లేదు. మినార్లు కూడా ఇంటి పొగగొట్టాల్లా కనిపించేలా గీయించారు. ఎవరి కంటికీ కొట్టొచ్చినట్టు కనబడకూడదని, ఎవరినీ నొప్పించకూడదని ఎంత ఒదిగి ఉండొచ్చో అంతా ఒదిగిన ప్లాను అది. ఆ పొగగొట్టాల సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

2012లో దరఖాస్తు పెట్టారు. 2015 డిసెంబరులో బోర్డు కాదంది. ఈ మధ్యలో 39 విచారణలు జరిగాయి.

అన్ని విచారణలు దేనికి? పెద్ద పీట పార్కింగ్‌కే. ఊరి నిబంధనల్లో చర్చిలకు ప్రతి ముగ్గురికీ ఒక కారు చోటు అని లెక్క ఉంది. మసీదులో 150 మందికి చోటు. 3 పెట్టి భాగిస్తే 50. సంఘం సరిగ్గా అలాగే 50 చోట్లు చూపించింది. బోర్డు ఒప్పుకోలేదు. చివరికి 107 కావాలంది. వాదన ఏమిటంటే, చర్చికి ఆదివారం కుటుంబమంతా ఒకే కారులో వస్తుంది, ముస్లింలు శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుల నుంచి విడివిడిగా వస్తారు, కాబట్టి మనిషికో కారు పడుతుంది.

నిజం చెప్పాలంటే ఈ ప్రశ్న పిచ్చి ప్రశ్న కాదు. ఆ లెక్కలు రాసినవాళ్ల కళ్ల ముందున్నది బెంచీలున్న చర్చి. మసీదులో బెంచీలు ఉండవు, మన గుళ్లలోనూ ఉండవు. నేల మీద కూర్చునేవాళ్లని ఎలా లెక్కపెడతారు? ఏడాదికి మూడు రోజులు పోటెత్తి, మిగతా రోజులు ఖాళీగా ఉండే గుడికి ఎన్ని చోట్లు కావాలి? ఆ ఊరు ఈ ప్రశ్న ప్రతి ప్రార్థనాలయాన్నీ అడిగి ఉంటే పేచీ ఉండేది కాదు. చర్చిలకీ సినగాగులకీ పుస్తకంలో ఉన్న మూడుకొకటి లెక్కే వేసి, ఒక్క మసీదు దగ్గరే, వీళ్లు ఎలా ప్రార్థిస్తారో చూసి విడిగా లెక్క కడతామనడం దగ్గర సమస్య మొదలైంది.

ఒక్క అంకె మారితే ఏమవుతుందో చూడండి. 50 బదులు 107 కార్లు అంటే తారు వేసే నేల రెట్టింపు. తారు పెరిగితే వాననీరు ఇంకే చోటు తగ్గుతుంది, దాంతో నీళ్లు నిలిపే గుంట పెద్దది కావాలి. గుంట పెరిగితే పొరుగింటికీ పార్కింగ్‌కీ మధ్య వదలాల్సిన పచ్చటి పట్టీకి చోటు చాలదు. అప్పుడు వాననీటి ఇంజనీరు మళ్లీ రావాలి, ప్లాను మళ్లీ గీయాలి, మళ్లీ విచారణ. ఎవరూ నోరు తెరిచి మసీదు వద్దు అనక్కర్లేదు. లెక్కలే ఆ మాట అంటాయి.

ఈలోగా ఊళ్లో ఇంకో రెండు సంగతులు జరిగాయి. ఇకపై ఇళ్ల ప్రాంతాల్లో ప్రార్థనాలయం కట్టాలంటే కనీసం 6 ఎకరాలు ఉండాలని, అది కండిషనల్ యూజ్ అని 2013లో నిబంధన మార్చారు. ఈ మసీదు స్థలం 4 ఎకరాలే. మరో పక్క ఆ స్థలం ముందున్న పోస్టు డబ్బా మీద సంఘం పేరులోని పొడి అక్షరాల్ని ఎవరో ‘ఐసిస్’ అనే ఉగ్రవాద సంస్థ పేరుగా చదివేలా మార్చేశారు. పగలు బోర్డు ముందు వాననీటి చర్చ, రాత్రి డబ్బా మీద ఈ రాత. రెండూ చేసింది ఒకరే అని నేను అనడం లేదు. రెండూ ఒకే గాలిలో జరిగాయి.

2016 మార్చిలో సంఘం ఫెడరల్ కోర్టుకెక్కింది. ఆ నవంబరులో అమెరికా న్యాయశాఖ కూడా టౌన్‌షిప్ మీద దావా వేసింది. 2016 డిసెంబరు 31న జడ్జి మైఖేల్ షిప్ తీర్పిచ్చారు. పార్కింగ్ విషయంలో చర్చిలకు ఒక లెక్క, మసీదుకు ఒక లెక్క వేయడం వివక్షేనని తేల్చారు. 2017 మేలో రాజీ కుదిరింది. టౌన్‌షిప్ తరఫున మొత్తం 32.5 లక్షల డాలర్లు కట్టాలి. అందులో 15 లక్షలు నష్టపరిహారం, 17.5 లక్షలు లాయర్ల ఫీజు. మసీదుకు అనుమతి ఇవ్వాలి.

రాజీలోనూ ఒక చిక్కు వచ్చింది. దాన్ని ఆమోదించడానికి పెట్టిన సమావేశంలో ఇస్లాం గురించి గానీ ముస్లింల గురించి గానీ ఎవరూ వ్యాఖ్యానించకూడదని షరతు పెట్టారు. మా మాట్లాడే హక్కు సంగతేమిటని పొరుగున ఉండే ఒక జంట దావా వేసింది. ఈ ఒక్క విషయంలో వాళ్ల మాటలో పస ఉందనే నా అభిప్రాయం. మనుషులు ఏం మాట్లాడాలో ఆపడం సరైన మందు కాదు. ఆ మాటల బరువుకు లొంగి బోర్డు నిర్ణయం తీసుకోకుండా చూడటమే కావాల్సింది.

ఇంతకీ ఫెడరల్ కోర్టు ఏ చట్టం పట్టుకుని ఓ ఊరి పార్కింగ్ లెక్కలోకి తలదూర్చింది? దాని పేరు రిలీజియస్ లాండ్ యూజ్ అండ్ ఇన్‌స్టిట్యూషనలైజ్డ్ పర్సన్స్ యాక్ట్. లాయర్లు ముద్దుగా ‘ఆర్‌లూపా’ అంటారు. 2000 సెప్టెంబరులో అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశారు. ఉభయసభల్లోనూ ఎవరూ అడ్డుచెప్పకుండా పాసైన చట్టం ఇది. మైనారిటీల కోసం ఎవరో దయతలచి తెచ్చారనుకుంటే పొరపాటు. దీని వెనక ఉన్నది ఒక కేథలిక్ చర్చి కథ.

టెక్సాస్‌లో బర్నీ అనే ఊళ్లో సెయింట్ పీటర్ చర్చి ఉంది. 1923లో కట్టింది. అందులో దాదాపు 230 మంది పడతారు. ఆదివారం ప్రార్థనకు 40 నుంచి 60 మంది బయటే ఉండిపోతున్నారు. కాస్త పెంచుకుంటామంటే, అది ఊరి చారిత్రక ప్రాంతంలో ఉంది, కుదరదని నగరం చెప్పింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అప్పటికి ఉన్న మతస్వేచ్ఛ చట్టాన్ని రాష్ట్రాల మీద, నగరాల మీద రుద్దే అధికారం అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు లేదని 1997లో కోర్టు కొట్టేసింది. ఆ ఖాళీని పూడ్చడానికి, కట్టడాల అనుమతులు, జైళ్లలాంటి సంస్థల్లో ఉన్నవాళ్ల మతస్వేచ్ఛ వరకు పరిమితం చేసి రాసిన చట్టమే ఆర్‌లూపా. ఆ దేశంలో కేథలిక్కులు కూడా ఒకప్పుడు అనుమానించబడ్డ మైనారిటీయే. 1844లో ఫిలడెల్ఫియాలో వలసల వ్యతిరేక అల్లర్లలో రెండు కేథలిక్ చర్చిలను తగలబెట్టారు. ఇవాళ విచారణలో ముందు వరుసలో కూర్చుని కొత్తవాళ్ల మీద అభ్యంతరాలు చెప్పేవాళ్లలో కొందరి ముత్తాతలు ఒకప్పుడు అవతలి వరుసలో కూర్చున్నవాళ్లే.

చట్టం చెప్పేది సూటిగా ఇదీ. బలమైన ప్రజాప్రయోజనం ఉంటే తప్ప, అదీ వేరే తేలికైన దారి లేనప్పుడు తప్ప, ఒకరి ఆరాధన మీద పెద్ద భారం వేయకూడదు. ఒక మతానికీ ఇంకో మతానికీ తేడా చూపకూడదు. ఊరి మొత్తంలో ప్రార్థనాలయాలకు చోటే లేకుండా చేయకూడదు. వీటితోపాటు చాలామంది గమనించని ఒక షరతు ఉంది: జనం గుమిగూడే మతేతర చోట్ల కంటే, అంటే క్లబ్బులూ హాళ్లూ లాంటి వాటి కంటే, ప్రార్థనాలయాన్ని తక్కువగా చూడకూడదు. ట్రాఫిక్ నియమాలు పోవు, అగ్నిమాపక నియమాలు పోవు. మతం పేరు చెప్పి ఎవరూ వాటిని తప్పించుకోలేరు. అందరికీ అవే ఉండాలి, అంతే.

ఆ చివరి షరతు ఎందుకు ముఖ్యమో బెర్నార్డ్స్‌కు దగ్గర్లోనే ఉన్న బ్రిడ్జ్‌వాటర్ చెబుతుంది. న్యూజెర్సీ తెలుగువాళ్లకి ఆ ఊరి పేరు పరిచయం చేయక్కర్లేదు. శ్రీవేంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. శనివారం సుప్రభాతానికీ, పిల్లల అక్షరాభ్యాసానికీ, కొత్త కారు పూజకీ ఎంతమంది అక్కడికి వెళ్తారో లెక్కలేదు. అదే ఊళ్లో 2011 మొదట్లో అల్ ఫలా సెంటర్ అనే ముస్లిం సంఘం రెడ్‌వుడ్ ఇన్ అనే పాత ఫంక్షన్ హాలును మసీదుగా మార్చుకుంటామని దరఖాస్తు పెట్టింది. పెళ్లిళ్లూ పార్టీలూ జరిగిన హాలు. కార్లు రావడం ఆ రోడ్డుకి కొత్త కాదు. విచారణకి జనం విరగబడి వచ్చారు. కొన్ని వారాల్లోనే టౌన్‌షిప్ నిబంధన మార్చేసింది. ప్రార్థనాలయాలు కొన్ని పెద్ద రోడ్ల మీద మాత్రమే ఉండాలట. మసీదు అడిగిన స్థలం ఆ రోడ్ల మీద లేదు. కాగితం మీద అది అన్ని మతాలకీ వర్తించే నిబంధనే. కానీ అది పుట్టిన తేదీ చూడండి. దరఖాస్తు ముందు, నిబంధన తర్వాత. 2013లో ఫెడరల్ కోర్టు దాని అమలుకు అడ్డుకట్ట వేసింది. 2014 చివర్లో 77.5 లక్షల డాలర్ల రాజీతో, సంఘానికి వేరే చోట 15 ఎకరాలు ఇచ్చే ఒప్పందంతో గొడవ ముగిసింది.

ఆ రోజుల్లో ఆ ఊరి గుడికి వెళ్లే మనవాళ్లలో ఆ విచారణ సంగతి పట్టించుకున్నవాళ్లు ఎంతమంది? ఇది నిందగా అడగడం లేదు, బాధతో అడుగుతున్నాను. రోడ్డు పేరు చెప్పి మసీదును ఆపగలిగే నిబంధన రేపు ఓ కొత్త గుడినీ ఆపుతుంది. ఆ నిబంధనలో దేవుడి పేరు లేదు. 2024 ఆగస్టులో టెక్సాస్‌లోని షుగర్‌లాండ్‌లో, చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో అష్టలక్ష్మి గుడి ఆవరణలో 90 అడుగుల ఆంజనేయ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఒక చర్చికి చెందిన కొందరు అక్కడికే వచ్చి నిరసన తెలిపారు. ఆ వార్త మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత తిరిగిందో, మనకు ఎంత కష్టం వేసిందో మనకు గుర్తుంది.

అదే కొలబద్ద ఇంటికీ పట్టుకెళ్లాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఓ కాలనీలో ఖాళీ ప్లాటులో చర్చి వస్తుందని తెలియగానే అసోసియేషన్ గ్రూపులో మొదట కనిపించే మాటలు మైకు, బండ్లు, ఆదివారం రద్దీ. ఆ మాటలు అబద్ధం కానక్కర్లేదు. మైకు నిజంగానే నిద్ర చెడగొడుతుంది. దానికి 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు ఉన్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు ఆపేయాలి. ఆ నిబంధన చర్చిని అడిగినట్టే వినాయక మండపాన్నీ మసీదునూ అడుగుతుంది. వీధులు, పార్కుల్లాంటి ప్రజల స్థలాల్లో అనుమతి లేకుండా ప్రార్థనాలయాలు కట్టనివ్వొద్దని 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశమూ గుడి, చర్చి, మసీదు, గురుద్వారా అని అన్నిటి పేర్లూ చెప్పింది. మతసంస్థలు స్థాపించుకుని నడుపుకునే హక్కు రాజ్యాంగం 26వ అధికరణం అందరికీ ఇచ్చింది. సందు మలుపులో రోడ్డును ఆక్రమించిన చిన్న గుడి గురించి ఇరవయ్యేళ్లుగా నోరెత్తని కాలనీ, సొంత ప్లాటులో లేచే చర్చి గురించి మాత్రం ట్రాఫిక్ లెక్కలు తీస్తే, అది ట్రాఫిక్ లెక్క కాదని మనకే లోపల తెలుస్తుంది.

ఇక నిజంగానే పెద్ద కట్టడం సంగతి. టెన్నెసీ రాష్ట్రంలో మర్‌ఫ్రీస్‌బరో దగ్గర ఇస్లామిక్ సెంటర్ దాదాపు 53 వేల చదరపు అడుగుల సముదాయానికి ప్లాను వేసింది. అంతా ఒక్కసారి కాదు, మొదటి విడత 12 వేల అడుగులు. అక్కడి ముస్లింలు అప్పటికి దశాబ్దాలుగా చిన్న అద్దె గదుల్లో ప్రార్థన చేసుకుంటున్నవాళ్లే. 2010 మేలో రదర్‌ఫోర్డ్ కౌంటీ ప్లానింగ్ కమిషన్ మామూలుగానే ఆమోదించింది. ఆ తర్వాత ఊరు భగ్గుమంది. ఊరేగింపులు జరిగాయి. ఆగస్టులో స్థలంలో ఉన్న యంత్రానికి ఎవరో నిప్పు పెట్టారు. కొందరు స్థానికులు కౌంటీ మీద దావా వేశారు. బయటికి చెప్పిన కారణం సమావేశం గురించి తగినంత ప్రకటన ఇవ్వలేదని. కానీ కోర్టులో వాదన ఎక్కడిదాకా వెళ్లిందంటే, ఇస్లాం అసలు మతమే కాదని అన్నారు. ఇస్లాం మతమేనని, అందులో సందేహం లేదని అమెరికా న్యాయశాఖ కోర్టుకు రాతపూర్వకంగా చెప్పాల్సి వచ్చింది. ప్రకటన దగ్గర మొదలైన వాదన చివరికి మీది మతమేనా అన్న దగ్గరికి రావడం ఎంత దూరమో, ఎంత దగ్గరో ఈ కేసు చూపిస్తుంది.

2012 మేలో స్థానిక జడ్జి ప్రకటన చాలలేదన్న వాదన ఒప్పుకుని ఆమోదాన్ని రద్దుచేశారు. అదే పద్ధతిలో ప్రకటన ఇచ్చి చర్చిలకు అనుమతులు ఇచ్చినప్పుడు ఎవరూ అడగలేదు. జులైలో ఫెడరల్ జడ్జి టాడ్ కాంప్‌బెల్ జోక్యంతో కౌంటీ తనిఖీలు పూర్తిచేయాల్సి వచ్చింది. 2012 ఆగస్టు 10, రంజాన్ మాసంలో ఓ శుక్రవారం, వాళ్లు సొంత కప్పు కింద మొదటిసారి నమాజు చేసుకున్నారు. మరుసటి ఏడాది రాష్ట్ర అప్పీలు కోర్టు ఆ పాత తీర్పును కొట్టేసింది. 2014 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు.

అయితే ప్రతి అభ్యంతరమూ ఇలాగే ముగుస్తుందని అనుకోవద్దు. నాకు అన్నిటికంటే ఆలోచన పుట్టించే ఉదంతం ఇంగ్లండ్‌ది. అక్కడ మైనారిటీ హిందువులు.

లండన్‌కి ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో లెచ్‌మోర్ హీత్ అని ఓ చిన్న పల్లె. మధ్యలో పచ్చిక, ఓ చెరువు, ఇరుకు దారులు, కొన్ని పాత ఇళ్లు. 1973లో బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ అక్కడ ఓ పాత భవంతి కొని ఇస్కాన్‌కి ఇచ్చారు. దానికి భక్తివేదాంత మానర్ అని పేరు పెట్టారు. కృష్ణుణ్ని ప్రతిష్ఠించారు. లండన్ చుట్టుపక్కల ఉన్న గుజరాతీలూ, తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన హిందువులూ దాన్ని తమ గుడి చేసుకున్నారు. జన్మాష్టమికి వేలకు వేల మంది. అందరి కార్లూ ఆ చెరువు పక్కనుంచే, ఆ ఇరుకు దారిలోంచే పోవాలి.

మీరు ఆ పల్లెలో ఉన్నారనుకోండి. పండగ రోజు మీ అమ్మకి ఒంట్లో బాగోక అంబులెన్స్ పిలిచారు. అది ఊళ్లోకి రావడానికి దారి లేదు. ఇది ద్వేషం కాదు. ఆ పల్లెవాళ్ల ఫిర్యాదులో చాలా భాగం నిజం. 1987లో అక్కడి స్థానిక ప్రభుత్వమైన హెర్ట్‌స్మియర్ కౌన్సిల్ నోటీసు ఇచ్చింది: అది పూజారులకు చదువు చెప్పే చోటుగా ఉండొచ్చు గానీ జనం వచ్చే గుడిగా ఉండటానికి వీల్లేదని. విచారణ జరిగింది, ప్రభుత్వం నోటీసును సమర్థించింది. ఇస్కాన్ వాళ్లు కోర్టుల్లో ఓడారు. 1994లో యూరప్ మానవహక్కుల కమిషన్ కూడా గుడి వాదన ఒప్పుకోలేదు. ఆ ఏడాది మార్చిలో గుడి తలుపులు జనానికి మూసేయాల్సిన గడువు వచ్చింది. వేలాదిమంది హిందువులు లండన్ వీధుల్లోకి వచ్చారు.

ఈ పోరాటం మధ్యలో ఇస్కాన్ వాళ్లు ఒక ప్రతిపాదన పెట్టారు. పల్లె మీదుగా పోకుండా, పొలాల్లోంచి నేరుగా పెద్ద రోడ్డుకి కలిసే దారి మేమే వేసుకుంటాం. అందరికీ సమ్మతమవ్వాల్సిన మాట. కౌన్సిల్ దానికీ ముందు ఒప్పుకోలేదు. అది కట్టడాలు రాకూడని పచ్చటి ప్రాంతమట. ఇక్కడే నాకు ఓ పరీక్ష కనిపిస్తుంది. ఇబ్బంది తీరే దారి చూపించినప్పుడు అభ్యంతరం చిన్నదవుతుందా, లేక చోటు మార్చి కొత్త కారణం వెతుక్కుంటుందా? బెర్నార్డ్స్‌లో 50 చోట్లు చూపిస్తే 107 అడిగారు. ఇక్కడ రోడ్డు చూపిస్తే పొలం గుర్తొచ్చింది. కానీ ఇక్కడ పచ్చటి ప్రాంతం నియమం ఆ దరఖాస్తు కోసం పుట్టింది కాదు, అంతకు ఎంతో ముందు నుంచీ అందరికీ ఉన్నదే. అందుకే ఈ కేసు అంత తేలిగ్గా తెగదు. చివరికి 1995లో మళ్లీ బహిరంగ విచారణ జరిగింది. 1996 మేలో పర్యావరణ మంత్రి జాన్ గమ్మర్ అనుమతి ఇచ్చారు. దారీ ఉండొచ్చు, జనమూ రావచ్చు.

దారి వేశారు. ఇప్పుడు జన్మాష్టమికి వెళ్లే కారు లెచ్‌మోర్ హీత్ చెరువు దగ్గరికే పోదు. హిల్‌ఫీల్డ్ లేన్ మీద మలుపు తిరిగి, పొలాల మధ్య నుంచి నేరుగా గుడి దగ్గరికి వెళ్తుంది. ఆ దారి పేరు ధరమ్ మార్గ్.